29 ఏళ్ల తమ్ముడికి మలాశయంలో 'సిగ్నెట్ రింగ్' క్యాన్సర్ అంట. మొలలనుకుని 8 నెలలు పోగొట్టుకున్నాం

కుట్టుమిషన్‌అక్క, ఆగస్టు 22

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

మాది మహబూబాబాద్ దగ్గర ఊరు. నేను బ్లౌజులు కుడతాను. మా తమ్ముడు ఐటీఐ చదివి ఆరేళ్లుగా జేసీబీ నడుపుతున్నాడు. 29 ఏళ్లు. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నాం, అమ్మాయి వాళ్లు వచ్చి బొట్టు పెట్టి కూడా వెళ్లారు.

పోయిన డిసెంబరులో వాడికి రక్తం పడటం మొదలైంది. రోజుకు పది గంటలు ఆ సీటు మీదే, కింద ఇంజను సెగ. మొలలే అనుకున్నాం అందరం. వేడి చేసిందని అమ్మ సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ. ఊళ్లో ఆర్ఎంపీ మాత్రలిచ్చాడు. తగ్గకపోతే టౌన్లో ఒక క్లినిక్కి మూడుసార్లు తీసుకెళ్లాం. పూతమందు, ఇసబ్‌గోల్ పొడి, "కారం మానెయ్" అన్నారు. మార్చి నాటికి రోజుకు పదిసార్లు వెళ్లినా ఇంకా లోపల ఏదో ఉన్నట్టే ఉందనేవాడు. చీమిడిలా జిగట పడేది. తొమ్మిది కిలోలు తగ్గాడు. పెళ్లికొడుకు సన్నబడుతున్నాడని అందరూ ఆటపట్టించారు కూడా.

జులైలో హైదరాబాద్ తీసుకొస్తే కొలనోస్కోపీ గొట్టం పైకి పోనే లేదు, దారి అంత సన్నబడింది. మొదటి బయాప్సీలో "వాపు మాత్రమే, క్యాన్సర్ కణాలు లేవు" అని వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. డాక్టరుగారికి నమ్మకం కుదరక ఇంకా లోతుగా ముక్క తీయించారు. ఈసారి "సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా" అని వచ్చింది. ఎంఆర్‌ఐలో మలద్వారం అంచు నుంచి 3 సెం.మీ. పైన గడ్డ, టీ3 (అంటే పేగు గోడ కండరం దాటిందంట), చుట్టూ గ్రంథులు కూడా ఉబ్బాయి. లివరు, ఊపిరితిత్తులు, పొట్ట పొరలు బాగున్నాయని సీటీలో రాశారు. రక్తంలో సీఈఏ అనే క్యాన్సర్ గుర్తు 2.1, అది నార్మలే అన్నారు.

ముందు 25 రోజులు కరెంటు (రేడియేషన్), దాంతోపాటు మాత్రలు, తర్వాత కీమో, ఆ తర్వాత ఆపరేషన్ అంటున్నారు. ఆపరేషన్లో మలద్వారం మూసేసి పొట్టకు బ్యాగు పెడతారంట. జీవితాంతం.

నెట్‌లో వెతికితే "అరుదైనది, దూకుడుగా పెరిగేది" అని ఉంది. ఐదేళ్లు అనే మాట దగ్గరికి రాగానే ఫోను మూసేశాను.

నాకు అర్థం కానివి ఇవీ. ఒక బయాప్సీ లేదంటుంది, ఒకటి ఉందంటుంది, ఏది నమ్మాలి? సీఈఏ నార్మల్ ఉంటే క్యాన్సర్ ఎలా అవుతుంది? ఇంత చిన్న వయసులో వస్తుందా? బ్యాగుతో ఎవరైనా మామూలుగా బతుకుతున్నారా? అన్నిటికంటే ముఖ్యమైనది, వాడికి ఇంకా చెప్పలేదు. "లోపల పుండు పడింది, కరెంటు పెడితే ఎండిపోతుంది" అని చెప్పాం. సోమవారం కాగితాల మీద వాడు సంతకం పెట్టాలి. నాన్న చెప్పొద్దంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు.


ప్రకృతిబిడ్డ, ఆగస్టు 22

కత్తి తగిలితే పాకుతుంది సోదరీ, ఆపరేషన్ జోలికి పోవద్దు. లక్ష్మణఫలం ఆకుల కషాయం పరగడుపున 48 రోజులు. మా పక్కింటి వాళ్లకి స్టేజ్ 4 తగ్గింది. కావాలంటే పంపిస్తాను.


స్లైడ్లపెట్టె, ఆగస్టు 22

పైన కషాయం పంపిస్తానన్న ఆయనకు: కత్తి తగిలితే పాకుతుందన్నది అపోహ. పక్కింటి వాళ్ల బయాప్సీ రిపోర్టు కూడా పంపండి, చదివి పెడతాను.

అమ్మా, నేను పాతికేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్న పాథాలజిస్టుని. మీ తమ్ముడికి వైద్యం చేసే డాక్టర్ని కాదు, కాబట్టి ఏ మందు వాడాలో చెప్పను. మీ రిపోర్టులో మాటలకు అర్థం చెబుతాను.

సిగ్నెట్ రింగ్ అంటే పాతకాలం ముద్ర ఉంగరం. కణం నిండా మ్యూసిన్ అనే జిగురు చేరి, మధ్యలో ఉండాల్సిన కేంద్రకాన్ని ఒక అంచుకి నెట్టేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే అచ్చం రాయి పొదిగిన ఉంగరమే. గడ్డలో సగానికి పైగా ఇలాంటి కణాలుంటేనే మేము ఈ పేరు రాస్తాం. పెద్దపేగు, మలాశయం క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి అని పాశ్చాత్య దేశాల లెక్క. మన దేశంలో, అందులోనూ చిన్న వయసు వాళ్లలో, అంతకంటే ఎక్కువగా కనిపిస్తోంది. ముంబై టాటా మెమోరియల్ నుంచి వచ్చిన వ్యాసాలూ అదే చెబుతున్నాయి, నా టేబుల్ మీదికి వచ్చే స్లైడ్లూ అదే చెబుతున్నాయి. కాబట్టి 29కి వస్తుందా అంటే, వస్తుంది. దురదృష్టం ఏమిటంటే ఆ వయసు చూసే అందరూ మొలలంటారు.

మామూలు క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా పెరుగుతాయి. ఇవి చేతులు వదిలేసిన కణాలు. ఒక్కొక్కటిగా విడిపోయి పేగు గోడ లోపలి పొరల్లో పాకుతాయి, గోడ తోలులా బిగుసుకుపోతుంది. మీ తమ్ముడికి గొట్టం పోకపోవడం అందుకే అయి ఉండొచ్చు. చాలాసార్లు పైపొర నున్నగానే ఉంటుంది. పైపైన గిల్లి తీసిన ముక్కలో క్యాన్సర్ దొరక్కపోవడం ఈ రకంలో కొత్త కాదు. చేలో పైన గడ్డి కోసి చూసి, తుంగ లేదనుకోవడం లాంటిది. తుంగ గడ్డ కింద ఉంటుంది. మీ రెండు బయాప్సీలూ ఒకదానితో ఒకటి గొడవ పడటం లేదు, రెండోది లోతుకి వెళ్లింది, అంతే. నమ్మకం కుదరక రెండోసారి తీయించిన డాక్టరు మంచి పని చేశారు.

సీఈఏ చాలామందిలో పెరగదు. వైద్యం మొదలయ్యాక పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ, నార్మల్ ఉందంటే జబ్బు లేదని కాదు.

సోమవారం అడగాల్సినవి రాస్తున్నాను, చీటీ మీద రాసుకోండి. పైనుంచి, అంటే నోట్లోంచి గొట్టం వేసి, ఎండోస్కోపీ చేశారా? ఈ ఉంగరపు కణాలు ఎక్కువగా పుట్టేది జీర్ణాశయంలో. అక్కడ పుట్టి కిందికి దిగి మలాశయం చుట్టూ చేరిన కేసులు నేను చూశాను. అప్పుడు వైద్యం దారే వేరు. రెండోది, ఎంఎంఆర్ పరీక్ష. అదే బయాప్సీ ముక్క మీద ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అని, డీఎన్‌ఏలో తప్పులు సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూస్తారు. మళ్లీ ముక్క తీయనక్కర్లేదు. మూడోది, పొట్ట పొరలు. ఈ రకం లివరు కంటే ముందు పొట్ట లోపలి పొర మీద ఆవగింజల్లా చల్లుకుంటుంది. అంత చిన్నవి సీటీలో తెలియవు. పెట్ స్కాన్ కూడా మోసం చేయొచ్చు, జిగురు ఎక్కువున్న గడ్డ స్కాన్ కోసం ఎక్కించే మందును సరిగా పీల్చుకోదు. అందుకని కొన్నిచోట్ల ముందుగా చిన్న రంధ్రంతో కెమెరా పెట్టి చూస్తారు. మీకు అవసరమో కాదో సర్జన్ చెప్పాలి.

వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. స్లైడ్లు, బయాప్సీ ముక్కను దాచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి, ఇస్తారు. కాగితం చూసి అభిప్రాయం చెప్పే పాథాలజిస్టుని నేనైతే నమ్మను.

3 సెం.మీ. అంటే డాక్టరు వేలితో పరీక్ష చేస్తే అందే దూరం. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను. వదలకపోతే రాత్రంతా అదే రాస్తాను.

మీ వయసు రాయలేదు. తోబుట్టువుకి 29 ఏళ్లకే వచ్చిందంటే మిగతా తోబుట్టువులు కూడా కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇప్పుడు కాదు, వాడి వైద్యం ఒక దారిలో పడ్డాక. కానీ మర్చిపోవద్దు.


ఎడమజేబు, ఆగస్టు 23

చెల్లెమ్మా, నాది నరసరావుపేట. మిర్చి కమీషన్ కొట్లో గుమస్తాని. 2019లో నాకూ ఇదే పేరు, ఇదే చోట. అప్పుడు 43. ముందు నాలుగు నెలలు నేనూ మొలల మందే పూసుకున్నానండి. మా ఊళ్లో ఎవరికి రక్తం పడినా ముందు ఆవకాయను తిడతారు.

ఆరేళ్లయింది, బాగానే ఉన్నాను. కానీ నాకు తగ్గింది గనక మీవాడికీ తగ్గుతుందని రాయను. కరెంటు గది బయట బెంచీ మీద నాతో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు లేరు. వాళ్లలో ఒకాయనది మామూలు రకమే, నాది ఈ రకం. పేరుని బట్టి లెక్క కట్టుకోకండి.

మీరు బ్యాగు గురించి అడిగారు. అది రాస్తాను, ఎందుకంటే డాక్టర్లు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, బంధువులు మొహం తిప్పుకుంటారు.

ఆపరేషన్ ముందు పొట్ట మీద పెన్నుతో గుర్తు పెడతారు. అదే అసలు పని. పడుకోబెట్టి గుర్తు పెడితే ఒప్పుకోవద్దు. కూర్చోబెట్టి, వంగమని, ప్యాంటు వేసుకుని, లుంగీ కట్టుకుని చూపించి అప్పుడు పెట్టమనండి. మీవాడు జేసీబీ కదా, సీటు బెల్టు ఎక్కడ పడుతుందో, లివర్ లాగేటప్పుడు పొట్ట ఎక్కడ ముడత పడుతుందో వాడే చూపించాలి. ముడతలో పెడితే బ్యాగు అతుక్కోదు, పక్కల నుంచి కారుతుంది. నాకు ఒక నర్సమ్మ అరగంట కూర్చుని పెట్టింది. కొట్లో కింద కూర్చుని చిట్టా రాస్తానమ్మా అంటే, నేల మీద మఠం వేసుకుని కూర్చోమని చూసింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

స్టోమా, అంటే పొట్ట మీద పేగు తెరుచుకునే చోటు, ఎర్రగా, తడిగా, పెదవి లోపలి వైపులా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. మొదటి వారం నేను చూడలేదు, మా ఆవిడే మార్చింది. ఎనిమిదో రోజు ఆవిడకి జ్వరమొస్తే తప్పక చూశాను. అంతకు మించి ఏం లేదు. ఇప్పుడు రోజు విడిచి రోజు పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు అందులోంచి ఎక్కించి పేగు కడుక్కుంటాను, ముప్పావుగంట పడుతుంది. మిగతా టైమంతా చిన్న మూత పెట్టుకుని చొక్కా వేసుకుంటాను. అందరికీ కుదరదు, నర్సు నేర్పితేనే చేయాలి. కోడిగుడ్డు, ముల్లంగి తిన్నరోజు వాసన వస్తుంది. పెళ్లి భోజనాల్లో ముల్లంగి సాంబారు వదిలేస్తాను, ఇంకేమీ వదల్లేదు.

బ్యాగు కంటే నన్ను ఏడిపించింది వెనక కుట్లు. కరెంటు పెట్టిన చోటు కదా, మూడు నెలలు మానలేదు. మధ్యలో బొక్క ఉన్న గాలి ట్యూబు కొనొద్దు, కుట్లు లాగుతుందన్నారు. మెత్తటి దిండు చాలు. ఇంకో విచిత్రం, లేని దారిలోంచి వెళ్లాలనిపిస్తుంది. మొదట్లో పిచ్చెక్కిందేమో అనుకున్నాను. నాలాంటి వాళ్లలో చాలామందికి ఉంటుందంట.

ఇంకోటి, మగాడు మగాడితో చెప్పాల్సింది. మీరు ఆడపిల్ల, ఏమీ అనుకోకండి. కరెంటు ఆ భాగానికే పెడతారు గనక పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. ఆపరేషన్లో అక్కడి నరాలు దెబ్బ తినొచ్చు. పెళ్లి కావాల్సినవాడు. కరెంటు మొదలు కాకముందే వీర్యం దాచిపెట్టించండి, పిల్లల కోసం వెళ్లే సెంటర్లలో చేస్తారు. రెండు మూడు రోజుల పని. 2021లో వచ్చిన చట్టం ప్రకారం పదేళ్ల దాకా ఉంచొచ్చు. మొదలయ్యాక లాభం లేదు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు కాబట్టి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీవాడికి ఎవరైనా చెప్పారా?

ఇంకా వాడికి జబ్బు పేరే చెప్పలేదంటున్నారు. మరి ఇదెలా చెబుతారమ్మా?


కుట్టుమిషన్‌అక్క, ఆగస్టు 24

అన్నయ్యా, మీ ఆఖరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డాక్టరుగారూ, మీకూ నమస్కారం. చీటీ రాసుకున్నాను. నాకు 36.

వాడికి చెప్పాల్సిన అవసరం రాలేదు. నిన్న ఆసుపత్రిలో లిఫ్టు కోసం నిలబడ్డాం. పక్కన బోర్డు మీద ఏ అంతస్తులో ఏముందో రాసి ఉంది. "అక్కా, మనం వెళ్తున్న చోటికి రేడియేషన్ ఆంకాలజీ అని రాసుంది. నాకు చదువు రాదనుకున్నారా?" అన్నాడు. నా నోట మాట రాలేదు. "నాలుగు రోజుల కిందే తెలుసు. నేను అడిగితే మీరు ఏడుస్తారని అడగలేదు" అన్నాడు. లిఫ్టు వచ్చి వెళ్లిపోయింది, మేం ఎక్కలేదు.

రాత్రి మీ పోస్టు వాడికే ఇచ్చి చదవమన్నాను. నేను చెప్పలేని ముక్కలు అందులో ఉన్నాయి కదా. చదివి, సీటు బెల్టు ఎక్కడ పడుతుందో చొక్కా మీద వేలితో చూపించుకున్నాడు. నాన్న ఇంకా మాట్లాడటం లేదు.


న్యూజెర్సీబాబాయ్, ఆగస్టు 24

అమ్మా, తొందరపడి ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు. న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో 2022లో డోస్టార్లిమాబ్ అనే ఇంజెక్షన్‌తో 12 మంది మలాశయం క్యాన్సర్ వాళ్లకి 12 మందికీ గడ్డ మాయమైంది. కరెంటు లేదు, ఆపరేషన్ లేదు, బ్యాగు లేదు. ఇక్కడ పేపర్లన్నీ రాశాయి. ఇల్లు తాకట్టు పెట్టైనా ఇక్కడికి పంపండి.


స్లైడ్లపెట్టె, ఆగస్టు 24

బాబాయ్‌గారూ, మీరు చెప్పిన ఫలితం నిజమే. 2025లో 49 మంది లెక్క వచ్చింది, వాళ్లందరికీ కూడా గడ్డ కనిపించకుండా పోయింది. కానీ వాళ్లంతా ఎంఎంఆర్ లోపం ఉన్నవాళ్లు. నేను పైన రాసిన నాలుగు ప్రొటీన్లలో ఏదో ఒకటి లేనివాళ్లు. మలాశయం క్యాన్సర్లలో వాళ్లు నూటికి ఐదు నుంచి పది మంది. మిగతావాళ్లకి ఆ మందు ఒక్కటే ఇస్తే అలాంటి ఫలితం ఉండదు. తాళంచెవి మంచిదే, మన తలుపుకి ఆ తాళమే ఉందో లేదో ముందు చూడాలి. అది తెలియడానికి అమెరికా వెళ్లక్కర్లేదు, ఉన్న ముక్క మీద పరీక్ష చాలు.

ఇల్లు తాకట్టు మాట ఇంకెక్కడా రాయకండి, దయచేసి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. కరెంటు, కీమో, ఆపరేషన్ మూడూ అందులో వస్తాయి. అమ్మా, మీరున్న ఆసుపత్రిలో కార్డు తీసుకోకపోతే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జె ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆంధ్రా వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది.


రెండోవరండా, ఆగస్టు 25

రాయాలా వద్దా అని మూడు రోజులు చూశాను. మాది కరీంనగర్. మా ఆయనకి ఇదే రకం, 41 ఏళ్లకి. తెలిసిన పదకొండు నెలలకి పోయారు. మీరు భయపడాలని రాయడం లేదు. మాకు తెలిసేటప్పటికే కడుపులో నీరు చేరింది, పొట్ట పొరల నిండా ఉంది. మీ తమ్ముడి సీటీలో అక్కడ ఏమీ లేదన్నారు. మాది మొదలైందే అక్కడ. రెండూ ఒకటి కావు, పోల్చుకోవద్దు.

వాడికి తెలిసిపోయిందని చదివాక నాకు ఊపిరి ఆడింది. మేం మా ఆయనకి చెప్పలేదు. అత్తమ్మ ఒట్టు వేయించుకుంది. కడుపులో నీరు తీసి వచ్చిన రోజు కూడా ఆయన డాబా మీద రేకుల షెడ్డు వేయించాలని మేస్త్రీతో ఫోన్లో బేరం ఆడుతున్నారు. నేను పక్కన కూర్చుని సిమెంటు బస్తాల లెక్క రాసుకున్నాను. నిజంగా రాసుకున్నాను, ఆ కాగితం ఇంకా ఉంది. మేస్త్రీకి అడ్వాన్సు కూడా పోయింది. ఆయనకి ఏం తెలుసో ఏం తెలియదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒకటే చెప్పాలనుకున్నా. నొప్పి గురించి ముందే అడగండి. "అది ఆఖర్లో ఇచ్చే మందు" అని మార్ఫిన్ పేరు చెబితేనే మా వాళ్లు భయపడ్డారు. రెండు నెలలు ఆయన రాత్రిళ్లు గోడ పట్టుకుని నిలబడేవారు. తర్వాత ఎంఎన్‌జెలో నొప్పి తగ్గించే విభాగానికి తీసుకెళ్తే మాత్రలిచ్చారు, మూడో రోజుకి కూర్చుని అన్నం తిన్నారు. ఆ విభాగం పోయేవాళ్ల కోసమే కాదు. వైద్యం నడుస్తున్న వాళ్లని కూడా చూస్తారు. మాకెవరూ చెప్పలేదు.


సింగిల్‌టీ, ఆగస్టు 26

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు 33, రెండు నెలలుగా అప్పుడప్పుడు రక్తం పడుతోంది. ఇదంతా చదివాక నిద్ర లేదు. నాకూ ఇదేనా?


స్లైడ్లపెట్టె, ఆగస్టు 26

సింగిల్‌టీ గారూ, రక్తం పడే వాళ్లలో ఎక్కువమందికి మొలలో, చీలికో ఉంటుంది. మీకూ అదే అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ ఊహతో మందు పూసుకోవద్దు. సర్జన్ దగ్గరికి వెళ్లి వేలితో పరీక్ష చేయమని మీరే అడగండి. అర నిమిషం పని. సిగ్గుపడితే ఆయన కూడా మీ సిగ్గు చూసి వదిలేస్తాడు. అలవాటు మారినా, జిగట పడినా, బరువు తగ్గినా, రెండు మూడు వారాల్లో రక్తం ఆగకపోయినా కొలనోస్కోపీ గురించి మాట్లాడండి.


కుట్టుమిషన్‌అక్క, సెప్టెంబరు 3

అందరికీ దండాలు. చీటీ పట్టుకుని వెళ్లాను. డాక్టరుగారు చీటీ చూసి "ఎవరు రాసిచ్చారు?" అన్నారు. ఫోన్లో ఒక పెద్దాయన అన్నాను. నవ్వారు, కోప్పడలేదు.

పై ఎండోస్కోపీ బాగుంది. కెమెరా పెట్టి పొట్ట చూశారు, ఆవగింజలు లేవు. ఆ మాట వినగానే నాన్న వరండాలో కూలబడ్డాడు, సంతోషమో ఏమో నాకు అర్థం కాలేదు. ఎంఎంఆర్ నాలుగూ ఉన్నాయని వచ్చింది. ఉన్నాయంటే మంచిదనుకుని నేను సంబరపడ్డాను. వాడే చెప్పాడు, "అక్కా, మన తాళం అది కాదన్నమాట" అని. బాబాయ్‌గారూ, మీరు మా కోసం ఆలోచించారు, అది చాలు.

ఎడమజేబు అన్నయ్యా, మీరు చెప్పిన పని కూడా అయింది. వాడు ఒక్కడే వెళ్లొచ్చాడు, నన్ను కింద టీ కొట్టు దగ్గర ఉండమన్నాడు. ఏడాదికింతని కట్టాలంట. కుట్టిన డబ్బుల్లోంచి నేనే కట్టాను. ఆ రోజు రాత్రే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. మేడ మీద గంటన్నర మాట్లాడాడు. ఏమందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

కార్డు మీద ఒప్పుకున్నారు. 8వ తారీఖు సోమవారం కరెంటు మొదలు. నడుము మీద మూడుచోట్ల చిన్న చుక్కలు పచ్చబొట్టులా పెట్టారు, రోజూ మెషీను అక్కడికే సరిపోయేలా. మా నాయనమ్మకి గడ్డం మీద ఉండేవి అలాంటివే.

కరీంనగర్ అక్కా, మీ పోస్టు నేను ఒక్కదాన్నే చదివాను, వాడికి చూపించలేదు. దాచడం మళ్లీ మొదలుపెట్టానా అని నాకే అనిపించింది. రేపు చూపిస్తాను.


రెండోవరండా, సెప్టెంబరు 3

చూపించకపోయినా ఏం కాదు. అది నా కథ, వాడిది కాదు.


ఎడమజేబు, సెప్టెంబరు 5

కరెంటు రోజుల్లో మూత్రం మంట, విరేచనాలు ఉంటాయి. పూతమందు ఏదైనా వాళ్లు ఇచ్చిందే రాయాలి, ఇంట్లో కొబ్బరినూనె పూసి మెషీను కిందకి పోవద్దు. మాత్రలు అన్నం తిన్న అరగంట లోపే వేసుకోవాలి, ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. అరచేతులు నల్లబడినా, ఎర్రబడి మండినా ఓర్చుకోకుండా డాక్టరుకి చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. నేను ఓర్చుకుని తోలు ఊడగొట్టుకున్నాను, మగతనం అనుకుని.


కుట్టుమిషన్‌అక్క, అక్టోబరు 18

25 అయిపోయాయి. దసరా రోజు మెషీను సెలవు, అందుకే ఒక రోజు జరిగి 13వ తారీఖున ముగిసింది. క్యాలెండరు మీద ఒక్కో రోజూ జేసీబీ బొమ్మ గీసి కొట్టేశాడు, చివరి బొమ్మకి బకెట్ నిండా మట్టి గీశాడు.

మూడో వారం వరకు బాగానే ఉన్నాడు. నాలుగో వారం నుంచి కూర్చోలేడు, నిలబడలేడు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొన్నాం, గోరువెచ్చని నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టేదాన్ని. చిన్నప్పుడు వాడికి నీళ్లు పోసింది నేనే. సద్దుల బతుకమ్మకి ఒక్క పూట ఊరెళ్లి, తెల్లారే బండెక్కి వచ్చాను. నొప్పి ఎక్కువైన రోజు కరీంనగర్ అక్క మాట గుర్తొచ్చి ఊరుకోకుండా అడిగాను. వేరే మాత్రలు రాసిచ్చారు, ఆ రాత్రి ఆరు గంటలు పడుకున్నాడు.

రక్తం ఆగింది. రోజుకు పదిసార్లు పోయేవాడు మూడుకి వచ్చాడు. ఇంతలోనే సంబరపడొద్దన్నారు. నవంబరులో కీమో మొదలు, మూడు వారాలకు ఒకటి. ఆ రోజుల్లో చల్లనీళ్లు ముట్టుకోకూడదంట, ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా వేళ్లకి కరెంటు కొట్టినట్టు ఉంటుందంట. చలికాలం ముంచుకొస్తోంది, ఉన్ని చేతితొడుగులు కుడుతున్నాను. కీమో అయ్యాక మళ్లీ ఎంఆర్‌ఐ తీసి ఆపరేషన్ తారీఖు చెబుతారు. బ్యాగు తప్పకపోవచ్చని మళ్లీ అన్నారు. "గుర్తు మాత్రం నేనే పెట్టించుకుంటా, సీటు ఎక్కి చూపిస్తా" అన్నాడు వాడు. డాక్టరుగారికి అర్థం కాలేదు, మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఓనరు వాడి బండికి వేరే కుర్రాణ్ని పెట్టాడు. సీటు వాడిదే, మళ్లీ వచ్చేదాకా అన్నాడు. చూడాలి.

స్లైడ్లపెట్టె డాక్టరుగారూ, మీరు మర్చిపోవద్దన్నది మర్చిపోలేదు. రేపు పొద్దున నాకు కొలనోస్కోపీ. పేగు శుభ్రం కావడానికి రెండు లీటర్ల పెగ్ పొడి నీళ్లు ఇచ్చారు, సగం అయింది. ఉప్పు నిమ్మకాయ సోడాలో సబ్బు కలిపినట్టుంది. వాడు మంచం మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని ఒక్కో గ్లాసూ లెక్కపెడుతున్నాడు, "అక్కా, ఇంకా నాలుగు" అంటూ. పోయిన జులైలో నేను వాడికి లెక్కపెట్టాను కదా, దానికి బదులు తీర్చుకుంటున్నాడు.

ఉంటాను, మళ్లీ పరుగెత్తాలి.